కాటా హుస్సేన్ మనవరాలి బరువు

నగ్మాను అడక్కుండా ఆ ఊళ్లో ఎవరూ పురుగుమందు డబ్బా మూత తీయరు. వినుకొండ బస్టాండు వెనక ఎరువుల కొట్లో ఆరేళ్లుగా కౌంటర్ దగ్గర కూర్చునేది ఆ పిల్లే. యజమాని ఉంటాడు గానీ, ఉన్నా లేనట్టే. రైతు ముడుచుకుపోయిన మిరపాకు తెచ్చి బల్ల మీద పెడితే నగ్మా బల్ల మీదకి బాగా వంగి, ఆకు తిరగేసి చూసి, "నేనిచ్చింది కొట్టావా, పక్కచేలో వాడు చెప్పింది కొట్టావా?" అని అడిగేది. నిజం ఒప్పుకునేదాకా కొత్త మందు ఇచ్చేది కాదు. యాభై ఏళ్లు దాటిన మగాళ్లు ఆమె ముందు హోంవర్కు చేయని పిల్లల్లా నిలబడేవాళ్లు.

అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది యలమంద. ఆరెకరాల మిరప వేసే ఈ పెద్దమనిషికి ఒక బలహీనత ఉంది. నాలుగు మందులు ఒకే డ్రమ్ములో కలిపి కొడితే గానీ ఆయనకు మనసు నిలవదు. "నాలుగు కలిపితే నాలుగింతలు పనిచేసిద్దనుకున్నావా బాబాయ్? చేను చచ్చిద్ది!" అని నగ్మా ఎన్నిసార్లు అరిచిందో లెక్కలేదు. ఆయన తలూపి వెళ్లి మళ్లీ నాలుగూ కలిపేవాడు.

అలాంటి నగ్మా, ఊరంతా మిరపకాయలు ఎండబోసుకుని తుమ్ముతున్న ఫిబ్రవరిలో, ఒక మంగళవారం ఆడపిల్లను కన్నది. మూడు కిలోలు, పది గ్రాములు అటూ ఇటూ లేదు. తొలికాన్పు కాబట్టి ఆసుపత్రి నుంచి నేరుగా పుట్టింటికే వచ్చింది. ఇన్ని తెలిసిన నగ్మాకు పాలివ్వడం మాత్రం తెలియదు. తెలియదని తెలియడానికి ఆమెకు అరగంట కూడా పట్టలేదు.

పాప నోరు తెరవదు. తెరిస్తే కొస పట్టుకుని రెండుసార్లు లాగి నిద్రపోతుంది. లేపితే ఊరు లేచిపోయేలా ఏడుస్తుంది. పిట్ట కొంచెం, కూత ఘనం. మూడో రోజుకి చనుమొనలు పగిలాయి. నాలుగో రోజుకి పాలు పడి రొమ్ములు రాళ్లయ్యాయి, జాకెట్ తగిలినా కళ్లలో నీళ్లొచ్చేవి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ పిల్ల అడుగుతోంది, అమ్మ పెడతానంటోంది, అయినా పని జరగడం లేదు.

అప్పుడు మొదలైంది సలహాల దండయాత్ర. ఇన్నేళ్లుగా కౌంటర్ ముందు చేతులు కట్టుకున్న ఊరికి ఇప్పుడు తన వంతు వచ్చింది. ఒకరు బొబ్బర్లు ఉడకబెట్టి పెట్టమన్నారు. ఒకరు వెల్లుల్లి కారం అన్నారు. ఒకరు పాలసొర చేప పెడితే తప్ప లాభం లేదని, దాని కోసం చీరాలకు మనిషిని పంపమన్నారు. యలమంద మునగాకు మోపు చంకన పెట్టుకుని వచ్చి, వసారాలో నిలబడి, లోపలున్న నగ్మాకు వినపడేలా వాళ్లమ్మ ఖైరున్నీసాకు చెప్పాడు.

"వదినా, ఒక్కటి పెడితే చాలదు. బొబ్బర్లు, మునగాకు, తెలగపిండి, చేప, నాలుగూ కలిపి పెట్టు. దెబ్బకి పనిచేసిద్ది!"

లోపల్నించి గొంతు వచ్చింది. "బాబాయ్! నీకు నాలుగు కలపొద్దని చెప్పానా, లేదా?"

"అది చేనమ్మా. ఇది వేరే" అన్నాడు యలమంద, జీవితంలో మొదటిసారి నగ్మాకు జవాబు చెప్పి, మహా తృప్తిగా.

ఖైరున్నీసా నాలుగూ కలిపింది. తల్లి మనసు కదా, దేన్ని వదులుతుంది? తెలగపిండి బస్తా గేదె కోసం తెచ్చింది ఇంట్లో ఉండనే ఉంది. అందులోంచే ఒక గిన్నె కూతురికి, ఒక గంప గేదెకు. వారం తిరిగేసరికి గేదె పూటకి అర లీటరు ఎక్కువిచ్చింది. నగ్మాకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

ఆ పై వారం శనివారం నాడు చిలకలూరిపేట నుంచి అత్తగారు మస్తాన్‌బీ దిగింది. చేతిలో సంచీ, సంచీలో పాలపొడి డబ్బా. ఆమె గయ్యాళి కాదు. చెప్పదలుచుకున్నది మొహం మీద చెప్పేసి, ఆ తర్వాత ప్రేమగా అన్నం కలిపి పెట్టే రకం. డబ్బాను తీసుకెళ్లి అందరికీ కనపడేలా ఫ్రిజ్ మీద పెట్టింది.

"మా షానవాజ్ డబ్బా పాలతోనే పెరిగాడు. ఏమైంది వాడికి?" అంది.

ఏమైందో ఖైరున్నీసాకు కొన్ని అభిప్రాయాలున్నాయి గానీ అల్లుడి మీద పైకి అనేది కాదు. ఆ అల్లుడు పిడుగురాళ్లలో లారీలకు కరెంటు పని చేస్తూ, రోజుకి ఆరు వీడియోలు పంపిస్తున్నాడు. అందులో రెండు, బిడ్డకు పేరు పెట్టే విందుకని చూస్తున్న గొర్రెలవి.

"అత్తమ్మా, నేనే ఇస్తా" అంది నగ్మా. గొంతు కొట్లో ఉన్నంత గట్టిగా లేదు.

"ఇయ్యి తల్లీ, ఎవరొద్దన్నారు? శుక్రవారం దాకా చూస్తా. శుక్రవారం నాడు కాటా మీద బిడ్డ మూడు కిలోలు దాటిందా, సరే. దాటలేదా, డబ్బా మూత తీస్తా. బిడ్డను పస్తు పెట్టి పంతాలు పోను నేను."

తప్పేముంది అందులో? ఏమీ లేదు. నిజంగా పాలు చాలని తల్లులుంటారు, వాళ్ల కోసమే ఆ డబ్బా. కానీ నగ్మాకు మనసు నిండా, జాకెట్ నిండా పాలున్నాయి. ఉండి కూడా బిడ్డ నోట్లోకి చేర్చలేకపోతోంది. చేతకాకపోవడం అంటే ఏమిటో ఇరవై ఆరేళ్లలో ఎరగని పిల్ల. ఎవరూ చూడకుండా దుప్పటి మొహం మీదకి లాక్కుని ఏడ్చింది. ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడైనప్పుడల్లా పాపను దగ్గరికి లాక్కునేది.

ఇక బరువు చూడాల్సింది ఎవరు? ఆ ఊళ్లో ఆ ప్రశ్నే రాదు. నగ్మా తండ్రి ఇమాం హుస్సేన్‌ను ఊరంతా కాటా హుస్సేన్ అంటుంది. వాళ్ల నాన్న దూది ఏకేవాడు, ఈయన దూది తూస్తాడు. ముప్పై ఏళ్లుగా పత్తి, మిర్చి, ఏది ఊరు దాటాలన్నా ఆయన కాటా ఎక్కి దిగాల్సిందే. ఆయన పద్ధతి ఆయనది. మొదటి బస్తాను ఒకటి అనడు, పాతకాలం వాళ్ల లాగా "లాభం" అంటాడు. బస్తా కొక్కేనికి తగిలించి, ముల్లు చూసి, కళ్లు మూసుకుని, రాగం తీసి అంకె పాడతాడు. పక్కన గుమాస్తా రాసుకుంటాడు. ఆయన పాడిన అంకెకు ఎదురు చెప్పినవాడు లేడు.

ఆడవాళ్లతో నిండిపోయిన ఆ ఇంట్లో వారం రోజులుగా ఆయనకు పని లేదు. గది గుమ్మం దగ్గర దగ్గి, లోపలికి రావచ్చో రాకూడదో తెలియక గేదె దగ్గరికి పోయేవాడు. అందుకే తూచే పని తనకు పడేసరికి మనిషి వెలిగిపోయాడు. పత్తి కూలీలకు తూచే చిన్న స్ప్రింగు కాటా తెచ్చి, తుడిచి, వసారా దూలానికి కట్టాడు. ఖైరున్నీసా పాత నూలు చీరతో జోలె కట్టింది. అందులో పాపను పడుకోబెట్టి, కింద నాలుగు చేతులు అడ్డం పెట్టి వదిలారు.

"లాభం" అన్నాడు ఇమాం హుస్సేన్. కళ్లు మూసుకున్నాడు. "రెండూ ఏడొందలూ..."

పుట్టినప్పటి మూడు కిలోల మీద మూడొందలు తక్కువ. అందరూ ఫ్రిజ్ వైపు చూశారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఏఎన్ఎం షారోన్ స్కూటీ వేసుకుని వచ్చింది. ఆవిడ దగ్గరున్న కాటాకు బ్యాటరీ చచ్చి నెలయింది. నోటికి మాత్రం బ్యాటరీ అక్కర్లేదు. గదిలో మంచం చుట్టూ పదకొండు మంది ఆడవాళ్లున్నారు.

"ఏంటమ్మా ఇది, కోటప్పకొండ తిరునాళ్లా? పాలిచ్చే చోట ఇంతమంది ఎందుకు? పదండి, పదండి!" అని అందర్నీ తోలేసింది. మస్తాన్‌బీని కూడా. తర్వాత నగ్మాను పాలివ్వమని చెప్పి, చేతులు నడుం మీద పెట్టుకుని చూసింది. నగ్మా పాపను ఒళ్లో పెట్టుకుని దాని మీదకి వంగింది.

"ఆగు. ఎందుకట్టా వంగుతున్నావు?"

నగ్మా ఆలోచించింది. ఆరేళ్లుగా రోజుకి పది గంటలు బల్ల మీదకి వంగి ఆకులు చూసింది. పాపను కూడా తెగులు పట్టిన మిరపాకు లాగే చూస్తోంది. ఈ సంగతి ఒప్పుకుంటే షారోన్ మంచం మీద కూలబడి నవ్వింది.

"నువ్వు పాప దగ్గరికి పోమాక, పాపను నీ దగ్గరికి తెచ్చుకో. వెనక దిండు పెట్టుకుని ఆనుకో. పాప పొట్ట నీ పొట్టకి తగలాలి. ముందు గోరువెచ్చని గుడ్డ పెట్టి, చేత్తో కొంచెం పాలు తీసెయ్. మెత్తబడితేనే దానికి పట్టు దొరికిద్ది. పెదవికి మొన తగిలించి ఊరుకో. ఆవలించినంత నోరు తెరిచేదాకా ఆగు. తెరవగానే దగ్గరికి లాక్కో. మొన ఒక్కటే కాదు, చుట్టూ నల్లగా ఉన్నది కూడా నోట్లోకి పోవాలి."

మొదటిసారి కుదరలేదు. రెండోసారి పాప మొనను వదిలేసి షారోన్ వేలు పట్టుకోబోయింది. మూడోసారి ఆ చిన్ని నోరు ఇంత బారున తెరుచుకుంది. నగ్మా లాక్కుంది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత రొమ్ములో ఏదో జివ్వుమని దిగింది, పాలు చేపుకొచ్చాయి, పాప గొంతులోంచి గుటక్, గుటక్ అని చప్పుడు వినపడింది. నొప్పి లేదు. నగ్మా నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది, ఎక్కిళ్లు కూడా వచ్చాయి. తలుపు అవతల చెవులు పెట్టిన పదకొండు మందీ ఏమైందో అర్థం కాక ఖురాను, బైబిలు, రామాయణం అన్నీ గుర్తు చేసుకున్నారు.

వెళ్తూ వెళ్తూ షారోన్ గుమ్మంలో ఆగి, "కాటా గోల నాకు తెలీదు గానీ, తడిపే గుడ్డలు చూసుకో. రోజుకి ఆరు దాటాయంటే పాలు చాలుతున్నట్టే" అంది.

ఇక కష్టాలు తీరాయనుకుంటున్నారా? ఇల్లలకగానే పండగా? సోమవారం మళ్లీ కాటా కట్టారు.

"లాభం. రెండూ ఆరొందలూ..."

నగ్మాకు నమ్మకం కలగలేదు. నిన్నటి నుంచి పాప పదిసార్లు తాగింది. తాగాక రొమ్ము మెత్తబడుతోంది. పాప పిడికిళ్లు విప్పి, పాలు కారుతున్న మూతితో, పెళ్లి భోజనం చేసిన మనిషిలా నిద్రపోతోంది. ఖైరున్నీసా ఉతికిన గుడ్డలు దండెం చాలక మిరపకాయల పట్టా అంచున కూడా ఆరేస్తోంది. అయినా కాటా దిగింది. నాన్న పాడిన అంకె తప్పవుతుందా? ముప్పై ఏళ్లలో కాలేదు. తప్పు తనదే అయ్యుండాలి. పాలు పలచగా ఉన్నాయేమో. గుటక వట్టి చప్పుడేమో. ఎదుటివాళ్ల చేనుకు మందు చెప్పే పిల్ల, తన ఒంటిని తాను నమ్మలేకపోయింది. నన్నడిగితే ఆ వారంలో ఆమె పడ్డ కష్టాలన్నింటిలోకి అదే పెద్దది.

బుధవారం. "రెండున్నరా..."

మస్తాన్‌బీ డబ్బాను ఫ్రిజ్ మీంచి దించి బల్ల మీద పెట్టింది. సీసా ఉడకబెట్టింది. "ఏడవమాక తల్లీ. పాలు డబ్బావైనా ప్రేమ నీదే గదా" అని కోడలి తల నిమిరింది. అంత మంచిగా అనకపోయినా బాగుండేది. తిడితే తిరిగి తిట్టొచ్చు.

శుక్రవారం జుమ్మా నమాజు చేసుకుని ఇమాం హుస్సేన్ తెల్ల చొక్కాతో వచ్చాడు. యలమంద కొత్త మునగాకు మోపుతో ముందే వచ్చి కూర్చున్నాడు. మస్తాన్‌బీ ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో స్పూను పట్టుకుని నిలబడింది. ఫోన్లో షానవాజ్ వీడియో కాల్లో ఉన్నాడు, కాకపోతే ఫోను తిరగబడి ఉండటంతో ఆయనకు దూలం ఒక్కటే కనపడుతోంది.

జోలెలో పాపను పెట్టారు. పాప అప్పుడే కడుపు నిండా తాగి ఉంది. గాల్లోకి లేవగానే హాయిగా ఒంటికి పోసింది. జోలె తడిసి, చీర కొసనుంచి బొట్లు మస్తాన్‌బీ పాదాల మీద పడ్డాయి.

"లాభం" అన్నాడు ఇమాం హుస్సేన్. అలవాటుగా చెయ్యి చాచి, తడిసిన జోలె కొసను బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకుని నలిపాడు. కళ్లు మూసుకున్నాడు. "రెండూ నాలుగొందలూ..."

"అయిపోయింది" అని మస్తాన్‌బీ డబ్బా మూత కింద స్పూను దూర్చింది.

నగ్మా మాత్రం తండ్రి వేళ్ల వైపే చూస్తోంది. ఆ వేళ్లను ఆమె ఎక్కడో చూసింది. ఎక్కడో ఏమిటి, చిన్నప్పుడు ఆ కాటా పక్కనే ఆడుకుంటూ వెయ్యిసార్లు చూసింది.

"అత్తమ్మా, ఆగు. నాన్నా, ఇప్పుడు వేళ్లతో ఏం చేశావు?"

"ఏం చేశానమ్మా? తడి చూశా."

"చూసి?"

"చూసి... తీశా."

"ఏం తీశావు?"

"తరుగు" అన్నాడు ఇమాం హుస్సేన్, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

ఫోన్లోంచి షానవాజ్ "హలో, హలో" అంటున్నాడు.

"బిడ్డకి తరుగు తీశావా నాన్నా?"

"తడి సరుక్కి తీయకపోతే ఎట్టా తల్లీ? రేపు ఆరాక తగ్గిద్దిగా, షావుకారు ఊరుకుంటాడా..." అని, తన మాట తన చెవినే పడి, ఆగిపోయాడు.

యలమంద లేచి వెళ్లి ముల్లు చూశాడు. "మూడూ మూడొందలు!" అని అరిచాడు.

"చీర రెండొందలు" అంది ఖైరున్నీసా.

నగ్మా వేళ్ల మీద లెక్కేసింది. మూడూ వంద. పుట్టినదానికంటే వంద ఎక్కువ. మూడు కిలోల పిల్లలో నాన్న ఏడొందల గ్రాముల తడి తీసేశాడు.

"పాలు చాలినకొద్దీ అది ఎక్కువ పోస్తోంది! అది ఎక్కువ పోసినకొద్దీ నువ్వు ఎక్కువ తీస్తున్నావు! ఇంకో వారం నేను ఇట్టాగే పాలిస్తే నీ కాటా మీద నా కూతురు మాయమైపోయేది నాన్నా!"

ఈసారి గొంతు కొట్లోదే. కౌంటర్ దగ్గర అరిచిన గొంతే. యలమంద అలవాటు కొద్దీ చేతులు కట్టుకున్నాడు. కట్టుకున్నాక ఆయనకు ఇంకో అనుమానం వచ్చింది.

"ఏం హుస్సేనూ, మొన్న నా నలభై బస్తాలకీ ఇట్టాగే నలిపావుగా?"

ఇమాం హుస్సేన్ విననట్టు నటించలేదు, నిజంగానే వినలేదు. అరుగు మీద కూర్చుండిపోయాడు. "నా మనవరాలికి తరుగు తీశానే" అన్నాడు. "ఊరందరికీ తీసిన చెయ్యి... దీనికీ తీసిందే." పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి నగ్మాకు నవ్వు ఆగలేదు. నవ్వు ఆగాక, ఆయన మీద జాలి కూడా ఆగలేదు. తడి జోలెతో సహా పాపను తీసి ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన తెల్ల చొక్కా తడిసింది. చొక్కా కొసను నలపడానికి వేళ్లు వాటంతటవే లేచాయి, ఆయన రెండో చేత్తో వాటిని పట్టుకుని దించాడు.

మస్తాన్‌బీ డబ్బాకేసి, స్పూనుకేసి చూసింది. సగం లేచిన మూతను పూర్తిగా లేపేసింది.

"తెరుస్తానన్నా, తెరిచా. మాట మాటే" అని లోపలికి వెళ్లి, ఆ పొడితో అందరికీ టీ పెట్టుకొచ్చింది. చిక్కగా, కొంచెం వింతగా ఉంది. యలమంద రెండు గ్లాసులు తాగి, ఇందులో అల్లం, యాలకులు, మిరియాలు, తులసి, నాలుగూ కలిపితే ఇంకా బాగుంటుందని చెప్పాడు. మునగాకు మోపు గేదెకు పోయింది.

తర్వాతి శుక్రవారం ఇమాం హుస్సేన్ కాటా కట్టాడు గానీ, పాప కోసం గదిలోకి వెళ్లే ధైర్యం చాలక గుమ్మంలో దగ్గుతూ నిలబడ్డాడు. నగ్మా వెనక దిండుకు ఆనుకుని, పైట కప్పుకుని పాలిస్తోంది. కిటికీలోంచి పెరట్లో దండెం మీద పదకొండు గుడ్డలు, పొద్దుటి నుంచి ఇప్పటిదాకా తడిపినవి, ఎండుమిరపకాయల పక్కన ఆరుతున్నాయి. లోపల్నించి గుటక్, గుటక్.

"అమ్మా, తూద్దామా? ఈసారి ముల్లు యలమంద చూస్తాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుంటా."

"వద్దులే నాన్నా. ఎంతుందో నాకు తెలుసు."

ఆయన దండెం వైపు చూశాడు. ఒక్కొక్క గుడ్డనే చూపుతో లెక్కపెట్టుకుని, కళ్లు మూసుకుని, బాగా రాగం తీసి, అంకె ఏమీ లేకుండా, ఒక్క మాట పాడాడు.

"లాభం."